ఫ్రేజల్ వర్బ్స్: లిస్టు కాదు, ‘ఇట్’ ఎక్కడుందో చూడండి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేరయ్యేవాళ్లలో చాలామంది ఫ్రేజల్ వర్బ్స్ (పుట్ లాంటి క్రియకి ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థం ఇచ్చేవి) అనగానే పెద్ద లిస్టున్న పీడీఎఫ్ ఒకటి పట్టుకుని అర్థాలు బట్టీ పడతారు. వారం తిరిగేసరికి పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్ మూడూ కలగాపులగం. నేను లిస్టు పక్కన పెట్టి, ఏది కనిపించినా ‘ఇట్’ ఎక్కడ పెట్టాలి అని చూసుకోవడం మొదలుపెట్టాను.

పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. ‘పుట్ ఆఫ్ ది మీటింగ్’ అన్నా, ‘పుట్ ది మీటింగ్ ఆఫ్’ అన్నా ఒకటే. మీటింగ్ బదులు ఇట్ వస్తే మాత్రం ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాల్సిందే. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. లుక్ ఆఫ్టర్ (బాగోగులు చూసుకోవడం) సంగతి వేరు. ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అంటాం, హిమ్‌ని మధ్యలో దూరనివ్వదు. పుట్ ఆఫ్‌లో ఆఫ్ అడ్వర్బ్ కాబట్టి అటూ ఇటూ జరుగుతుంది. లుక్ ఆఫ్టర్‌లో ఆఫ్టర్ ప్రిపొజిషన్, దాని ఆబ్జెక్ట్ దాని వెనకే ఉండాలి. పుట్ అప్ విత్ (భరించడం) కూడా విడిపోదు.

ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. ‘ది చైల్డ్ వాజ్ లుక్డ్ ఆఫ్టర్ బై హర్ ఆంట్’లో ఆఫ్టర్, బై పక్కపక్కన కనబడగానే ఒకటి ఎక్కువైందనిపిస్తుంది. కాదు, రెండూ ఉండాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత మీట్ రాదు, మీటింగ్ వస్తుంది. ఆ టు కూడా ప్రిపొజిషనే మరి.

అర్థాల దగ్గర మన తెలుగే సాయం చేస్తుంది. తినేయ్, తాగేయ్, వాడేయ్ అంటాం కదా, అందులో వేసేదేముంది? పని పూర్తి చేయమనడమే. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్‌లలో అప్ చేసే పనీ అదే. అలాగని అన్నిచోట్లా ఈ సూత్రం నడవదు. గివ్ అప్, బ్రింగ్ అప్ లాంటివి వాక్యంతోనే నేర్చుకోవాలి. టేక్ ఆఫ్‌కి ఆబ్జెక్ట్ లేకపోతే విమానం ఎగిరింది, షర్ట్ ఆబ్జెక్ట్ అయితే విప్పాడు. ‘టేక్ ఆఫ్’ అని లిస్టులో విడిగా చదివితే ఈ తేడా కనబడదు.

పరీక్ష మొదటి దశ టైర్ 1లో ఒక్కో తప్పు జవాబుకి పోయేది 0.50 మార్కు, రెండో దశ టైర్ 2 ఇంగ్లిష్‌లో 1 మార్కు. అందుకే నా నోట్సులో ప్రతిదానికీ పాత పేపర్లోని వాక్యం ఒకటి, దాని కిందే ఇట్ పెట్టి తిరగరాసిన వాక్యం ఇంకొకటి రాసుకున్నాను. అర్థం రాసింది అవసరమైన చోటే.