ఆరు వేల గది

2025 ఆగస్టులో, శ్రావణ శుక్రవారం పేరంటానికి శనగలు నానబోస్తుంటే బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నమిలాను, బిళ్ల వేసుకున్నాను. రాత్రికి నొప్పి పొట్ట కుడివైపు కిందికి దిగింది, అయినా మర్నాడు బడికి వెళ్ళి ఆరో తరగతికి పాఠం కూడా చెప్పాను. సోమవారానికి చలిజ్వరం పట్టుకుంది. మా అంబాజీపేట నుంచి అమలాపురం తీసుకెళ్తే, స్కాన్ చూసిన డాక్టరు గారు "అపెండిక్స్ పగిలిందమ్మా, లోపల చీము చేరింది, ఇంటికి వెళ్ళకుండా ఇటునుంచి ఇటే బయల్దేరండి" అన్నారు. కాకినాడ దారిలో ఎదుర్లంక వంతెన మీద ప్రతి అతుకు దగ్గరా కారు చిన్నగా ఎగిరేది, ఎగిరినప్పుడల్లా నేను మా వారి చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని. ఆ వంతెన అంత పొడవుంటుందని అదివరకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆసుపత్రిలో నన్ను స్ట్రెచర్ ఎక్కిస్తుండగానే కౌంటర్లో "ఏ రూమ్ కావాలి సార్?" అని అడిగారట. రోజుకి మూడు వేల గదిలో ఇద్దరు పేషెంట్లు ఉంటారు, ఆరు వేలది సింగిల్ ఏసీ. "పక్కన ఇంకొకరు మూలుగుతుంటే దానికి నిద్ర పట్టదురా, మంచి గదే తీసుకో" అని అత్తయ్యగారు ఫోన్లో చెప్పారు. ఆయనా అదే అనుకున్నారు. 3 లక్షల ఆరోగ్య బీమా పాలసీ ఉంది కదా, గదికి ఇంకో మూడు వేలు ఎక్కువైతే మనమే కట్టుకుందాం అని ఆరు వేల గదికి సంతకం పెట్టారు. ప్రేమతో పెట్టిన ఆ సంతకానికి మాకు ఎంతైందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

మాకు బియ్యం కార్డు లేదు, ఇన్‌కంట్యాక్స్ కడతాం. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కిందే అప్పట్లో మా మావయ్యగారికి గుండె ఆపరేషన్ రూపాయి ఖర్చు లేకుండా జరిగింది, ఆ మేలు మేమెవరం మర్చిపోలేదు. ఇప్పుడు మాకున్నది ప్రైవేటు పాలసీ ఒక్కటే.

ఆపరేషన్ చిన్న రంధ్రాలు వేసి చేసే లాప్రోస్కోపీతోనే అయిపోయింది. పొట్ట పక్కన గొట్టం పెట్టి, దానికి ఒక ప్లాస్టిక్ సీసా తగిలించారు. మొదటి రోజు అందులోకి వచ్చింది చూసి భయమేసింది, నాలుగో రోజుకి నీళ్ళలా తేటపడింది. పొద్దున్నే సిస్టర్ వచ్చి "గ్యాస్ పోయిందా అమ్మా?" అని అడిగేది, అది పోతేగానీ నోటికి నీళ్ళివ్వరు. మూడో రోజు పోయింది. ఆ సాయంత్రం తాగిన రెండు చెంచాల సగ్గుబియ్యం జావ రుచి ఇంకా నాలుక మీద ఉంది.

ఆరో రోజు పొద్దున పదింటికి డిశ్చార్జ్ అన్నారు. బీమా కంపెనీ నుంచి అప్రూవల్ సాయంత్రం వచ్చింది. డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లోపు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది, మాకు ఆ సంగతి తెలియక నోరెత్తలేదు. బిల్లు 1,84,000. కంపెనీ ఇచ్చింది 86,000. మిగతా 98,000 మేమే కట్టాలి. మా వారు కొబ్బరి మార్కెట్లో ఇద్దరు స్నేహితులకి ఫోన్ చేసి సర్దారు. దారంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంట్లో పడుకునే ఉన్నాను కాబట్టి పాలసీ పుస్తకం మొత్తం చదివాను, కొన్న ఐదేళ్ళలో మొదటిసారి. గది అద్దె పరిమితి రోజుకి పాలసీ మొత్తంలో 1 శాతం, అంటే మాకు 3,000. మేం తీసుకున్నది దానికి రెట్టింపు, కాబట్టి గది అద్దెలో సగమే ఇస్తారు. అంతవరకే అయితే బాధ లేదు. గది ఖరీదుని బట్టి మారే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్, వీటన్నిట్లోనూ అదే లెక్కన సగం కోస్తారు. మా బిల్లులో గది 36,000, ఈ ఫీజులు 80,000, రెండిటికీ కలిపి 58,000 పోయాయి. గ్లౌజులు, మాస్కులు, ఫైలు ఛార్జీ లాంటివి ఇంకో 12,000, అవి పాలసీలో అసలు రావు.

అలా లెక్క వేస్తే 70,000 అయింది, మేం కట్టింది 98,000. రెండుసార్లు కూడి చూశాను. తేడా 28,000 ఎక్కడిదా అని బిల్లు పేజీ పేజీ చూస్తే, మందులు 38,000, పరీక్షలు 18,000, వాటిని కూడా సగానికి కోసేశారు. అదే పుస్తకం నిర్వచనాల పేజీలో, మందులకీ పరీక్షలకీ లోపల అమర్చే పరికరాలకీ ఈ కోత వర్తించదని స్పష్టంగా రాసి ఉంది. నాకు కోపంతో చేతులు వణికాయి. ఆ పేజీ ఫొటో తీసి, ఆ లైన్ కింద గీత గీసి, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టాను. 30 రోజుల్లో తేల్చకపోతే హైదరాబాద్‌లోని బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కి రాస్తానని కూడా పెట్టాను, అక్కడ ఫీజేమీ ఉండదు. పద్దెనిమిదో రోజు 28,000 ఖాతాలో పడ్డాయి.

డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల మందులు, డ్రెస్సింగ్ ఖర్చు కూడా వస్తుంది, చేరడానికి ముందు 30 రోజులదీ వస్తుంది. అమలాపురం స్కాన్ డబ్బులు అలాగే వచ్చాయి. మందుల బిల్లులు రెండు మాత్రం కవరుతో పాటు చెత్తలోకి వెళ్ళిపోయాయి.

"ఆ గది తీసుకోకుండా ఉండాల్సింది" అని మా వారు ఎన్నిసార్లన్నారో. "మీరు నా నిద్ర గురించి ఆలోచించారండీ, అందులో తప్పేముంది, ఆ కౌంటర్లో కూర్చున్నవాళ్ళు ఒక్క ముక్క చెప్పాల్సింది" అన్నాను. ఇప్పటికీ నా మాట అదే. పాలసీ నంబరు వాళ్ళ ముందే ఉంది.

ఐదు వారాలకి బడికి వెళ్ళాను, మొదటి వారం కుర్చీలో కూర్చునే పాఠం చెప్పాను. డిసెంబర్ రెన్యువల్‌లో గది అద్దె పరిమితి లేని పాలసీకి మారి, మొత్తాన్ని 7 లక్షలు చేశాం. సెప్టెంబర్ 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అది కొంత కలిసొచ్చింది. పెంచిన 4 లక్షలకి మాత్రం వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్ని జబ్బులకి డబ్బు రాని గడువు, మళ్ళీ మొదలవుతుంది, అది కూడా చదివాకే సంతకం పెట్టాను. అత్తయ్యగారి పాలసీ వేరే కంపెనీది, ఇంకా తెరవలేదు. ఈ ఆదివారం ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి.