పాత ఆల్మనాక్‌ని పారేయకండి

నా దగ్గర 2002 నాటి నాటికల్ ఆల్మనాక్ ఒకటి ఉంది. సూర్యచంద్రులు, గ్రహాలు, నక్షత్రాలు ఏ వేళకి ఆకాశంలో ఎక్కడుంటాయో చెప్పే పుస్తకం అది, ఓడలకి ఏటా కొత్తది వస్తుంది. అట్ట ఊడిపోయింది. మార్చి పేజీలో ఎర్ర పెన్సిల్‌తో గీసిన గీత ఒకటి ఇంకా కనిపిస్తుంది. అది మా సెకండ్ ఆఫీసర్ గీసింది.

2003 మార్చిలో నేను ఓడ మీద పని నేర్చుకుంటున్న కేడెట్‌ని. మధ్యాహ్నం సెక్స్టెంట్‌తో (కోణాలు కొలిచే పరికరం) సూర్యుడి ఎత్తు కొలిచి, ఆల్మనాక్ అంకెలతో అక్షాంశం కట్టాను. జీపీఎస్‌తో పోల్చి చూస్తే దాదాపు 6 మైళ్ళ తేడా! మూడుసార్లు సరిచూసినా లెక్కలో తప్పు దొరకలేదు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. సెకండ్ ఆఫీసర్ వచ్చి, పుస్తకం మూసి, అట్ట మీదున్న సంవత్సరం చూపించారు. షెల్ఫులో పక్కపక్కనే ఉన్న రెండిట్లో నేను కిందటేడాదిది తీశాను.

కోప్పడతారనుకున్నాను. ఆయన మాత్రం నన్ను కూర్చోబెట్టి, ఆ పాత పుస్తకంతోనే సరైన జవాబు రాబట్టించారు. సూర్యుడి ఏడాదికి 365 రోజుల మీద మరో 5 గంటల 48 నిమిషాల పైచిలుకు ఉంటుంది కదా. కాబట్టి పాత పుస్తకంలో అదే తేదీన, 5 గంటల 48 నిమిషాలు ముందు టైముకి చూడాలి. డెక్లినేషన్ (భూమధ్యరేఖకి సూర్యుడు ఉత్తరంగానో దక్షిణంగానో ఎన్ని డిగ్రీలున్నాడో) ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు, జీహెచ్‌ఏకి (గ్రీనిచ్ నుంచి పడమరకి సూర్యుడి కోణం) 87 డిగ్రీలు కలపాలి. లీపు సంవత్సరం వస్తే లెక్క కాస్త మారుతుంది. ఈ ఉపాయం ఆల్మనాక్ చివరి వివరణల్లోనే అచ్చయి ఉంటుంది, ఎవరూ అక్కడిదాకా చదవరు. నక్షత్రాలకీ ఇలాంటి సవరణే ఉంది. చంద్రుడికి, గ్రహాలకి మాత్రం కుదరదు.

నాలుగేళ్ళ పాతదైతే సూర్యుడి వరకు ఇంకా తేలిక. డెక్లినేషన్‌లో తేడా ఒక మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) లోపే, అంటే సముద్రపు మైలు కూడా ఉండదు. వెనకాల పసుపు పేజీల్లోని ఇంక్రిమెంట్ల పట్టికలు (గంట మీద నిమిషాలకి, సెకన్లకి కలపాల్సినవి) ఏటా అవే. ఓడ మీద వాడాల్సింది ఈ ఏటిదే, అందులో రెండో మాట లేదు. కానీ నేర్చుకునేవాళ్ళకి పాతది చాలు.

అదే ఓడ బ్రిడ్జిలో ఒక ఒమెగా రిసీవర్ బిగించి ఉండేది, స్టేషన్ల రేడియో సంకేతాలతో ఓడ ఎక్కడుందో చెప్పే పెట్టె. 1997 సెప్టెంబర్ 30న ఒమెగా స్టేషన్లు ఆపేశారు. ఆ రోజుతో ఆ పెట్టె పని అయిపోయింది, ఏ సవరణా దాన్ని బతికించలేదు. నా సెక్స్టెంట్ దానికంటే పాతది. అద్దం వెనక పూత పోయి అంచున నల్ల మచ్చలు వచ్చాయి, మైక్రోమీటర్ కొంచెం బిగుసుకుంది. పూత వేయించి, ఇండెక్స్ ఎర్రర్ (సున్నా దగ్గర పరికరం చూపే తేడా) చూసుకుంటే రేపే సూర్యుణ్ణి దిగంతం మీదకి దింపి ఎత్తు కొలవొచ్చు.

మొన్న మొదటిసారి ఓడెక్కుతున్న ఒక కుర్రాడికి నాలుగేళ్ళ పాత ఆల్మనాక్, పటం మీద దూరాలు కొలిచే నా ఇత్తడి డివైడర్ ఇచ్చాను. వివరణ పేజీల దగ్గర కాగితం ముక్క పెట్టి మరీ ఇచ్చాను. 2002ది కూడా అడిగాడు. ఇవ్వలేకపోయాను, అందులో ఆ ఎర్ర గీత ఉంది.