పెదవాల్తేరు ఇంట్లో చెమ్మ మీద పని: ఎండిన బోరు, ఒక టన్ను హీట్ పంప్, రీహీట్ కాయిల్

ఏప్రిల్

మాది విశాఖపట్నంలో వెయ్యి చదరపు అడుగుల పాత డాబా ఇల్లు, సముద్రానికి దగ్గర. ఎండాకాలం వేడికి గదుల్లో స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు. నన్ను ఈ పనిలోకి దింపింది చెమ్మ. జూలై నుంచి నవంబర్ దాకా గదిలో 27, 28 డిగ్రీలే ఉంటుంది. ఏసీ వేస్తే కాసేపట్లో గది చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, గాల్లో తేమ మాత్రం 75 శాతం దగ్గరే నిలబడుతుంది. ఇంకా తగ్గించి పెడితే దుప్పటి కప్పుకోవాలి. ఈలోపు బీరువాలో బట్టలకు వాసన, పుస్తకాల అట్టలకు బూజు.

కావలసింది గదిని పెద్దగా చల్లబరచకుండా నీటిని లాగేసే ఏర్పాటు. గాలిని చల్లటి కాయిల్ మీదుగా పంపి 14 డిగ్రీలకు దించితే అందులోని నీరు కాయిల్ మీద చేరి కిందికి కారుతుంది. ఆ గాలిని అలాగే వదలకుండా, కంప్రెసర్ బయట పారేసే వేడితోనే 22 డిగ్రీలకు తెచ్చి గదిలోకి పంపాలి. ఇదే రీహీట్. గది మరీ చల్లబడదు కాబట్టి యంత్రం ఆగదు. ఆగదు కాబట్టి నీరు తీస్తూనే ఉంటుంది.

ఇందుకు నేను ఎంచుకున్నది జియోథర్మల్ హీట్ పంప్. ఏసీలాంటి యంత్రమే, కానీ తన వేడిని బయటి గాలికి కాకుండా, బోరులోకి దింపిన పైపులో తిరిగే నీళ్ల ద్వారా భూమిలోకి వదులుతుంది. విశాఖలో ఇది ఎందుకని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. భూమి లోపలి ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. మన దగ్గర అది 28 డిగ్రీల చుట్టుపక్కల. వానాకాలం రాత్రుల్లో బయటి గాలే అంతకంటే చల్లగా ఉంటుంది. అందుకని చలి దేశాల్లోలాగా భూమి చల్లదనం వల్ల కరెంటు బాగా ఆదా అవుతుందని నేను ఎవరికీ చెప్పను. మనకు లాభం వేరే చోట ఉంది. మామూలు ఏసీ తన వేడినంతా బయటి యూనిట్లో గాలికి వదిలేస్తుంది. ఈ యంత్రంలో ఆ వేడి నీళ్ల రూపంలో, పైపులో, ఇంటి లోపలే తిరుగుతుంది. దాన్ని ఇంకో కాయిల్‌లోకి మళ్లించడం ప్లంబింగ్ పని. గ్యాస్ సర్క్యూట్ విప్పక్కర్లేదు, బ్రేజింగ్ (రాగి పైపులను వేడి చేసి అతకడం) అక్కర్లేదు. పైగా ఉప్పు గాలికి తుప్పు పట్టే బయటి యూనిట్ అసలు లేదు. బీచ్ వైపు ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మే

పెరట్లో 300 అడుగుల బోరు ఎండిపోయి ఉంది. కొత్త బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతులు, డ్రిల్లింగ్ ఖర్చు. అందుకే ఉన్నదాన్నే వాడుకున్నాను. ఆరున్నర అంగుళాల రంధ్రంలోకి 32 మి.మీ. హెచ్‌డీపీఈ పైపు, అడుగున యూ బెండ్. ఆ బెండ్ ఫ్యాక్టరీలో అతికించినదే కావాలి, ఎందుకంటే 90 మీటర్ల లోతులో నీటి బరువే 9 బార్ ఒత్తిడి ఇస్తుంది. పైపు పీఎన్ 16 (16 బార్ తట్టుకునేది) తీసుకున్నాను. దింపేముందు పైపులో నీళ్లు నింపి, చివర ఇనుప కడ్డీ కట్టాలి.

అసలు జాగ్రత్త పూడ్చడంలో ఉంది. పైపు చుట్టూ గాలి మిగిలితే వేడి రాతిలోకి వెళ్లదు. ఒక్క బెంటొనైట్ బంకమట్టితో పూడిస్తే ఎండిన బోరులో అది ఆరిపోయి, కుంచించుకుని, పగుళ్లిస్తుంది. అందుకే సిమెంటు, సన్న ఇసుక, కొద్దిగా బెంటొనైట్ కలిపిన పల్చటి ముద్దను ఇంకో సన్న పైపుతో అడుగు నుంచి పైకి పంపు చేశాం. పైనుంచి పోస్తే మధ్యలో ఖాళీలు ఉండిపోతాయి. తిరిగే నీళ్లలో గ్లైకాల్ కలపలేదు, గడ్డకట్టే చలి మనకు లేదు.

జూన్

ఒక టన్ను వాటర్ సోర్స్ యూనిట్ (నీళ్లలోకి వేడి వదిలే హీట్ పంప్) పెట్టాను. గాలి నిమిషానికి 350 ఘనపుటడుగులు (సీఎఫ్ఎం), నీళ్లు నిమిషానికి 11 లీటర్లు. కాయిళ్లు రెండూ పట్టేలా రేకు పెట్టె ఆటోనగర్‌లో చేయించాను. చల్లటి కాయిల్‌కు, రీహీట్ కాయిల్‌కు మధ్య జానెడు ఖాళీ ఉంది. దగ్గరగా పెడితే ఎగిరిన నీటి చుక్కలు వేడి కాయిల్ మీద పడి మళ్లీ ఆవిరవుతాయి. తీసిన నీరు తిరిగి గదిలోకే వచ్చేస్తుంది. డ్రెయిన్ పైపుకు యూ ట్రాప్ (నీరు నిలిచే వంపు) తప్పనిసరి, లేకపోతే ఫ్యాన్ ఆ పైపులోంచి గాలి లాగుతుంది, ట్రేలో నీరు కిందికి దిగదు.

బిగించడానికి వచ్చిన ఏసీ మెకానిక్ చూసి, "ఏటి సార్, చల్లబెట్టిన గాలిని మళ్లీ వేడి చేసుకుంటారా? కరెంటు దండగ కాదేటి?" అన్నాడు. హీటర్‌తో చేస్తే నిజంగానే దండగ, అదనంగా 1.6 కిలోవాట్లు కావాలి. ఇక్కడ ఆ వేడి ఎలాగూ భూమిలోకి పోయేదే. కండెన్సర్ (యంత్రం తన వేడిని నీళ్లకిచ్చే భాగం) దాటిన నీళ్లు 37 డిగ్రీల దగ్గర ఉంటాయి, రీహీట్ కాయిల్ దాటాక 35కు దిగుతాయి. అతన్ని రెండు పైపుల మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. బోరు మీద పడే భారం కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఏడాది పొడవునా భూమిలోకి వేడి పంపడమే తప్ప తిరిగి తీసుకోవడం లేని మన ఊళ్లో ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఆగస్టు

తేమ సెన్సర్లను నమ్మేముందు ఉప్పుతో పరీక్షించాను. మూత గట్టిగా పట్టే డబ్బాలో వంటింటి ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా కాసిని నీళ్లు కలిపి, సెన్సర్ ఉప్పుకు తగలకుండా లోపల పెట్టి ఒక రాత్రి వదిలేస్తే లోపలి తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. సెన్సర్ ఎంత తేడా చూపిస్తే అంత సరిచేసుకోవాలి. వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లిందంటే అక్కడ తేమ 75 దగ్గరికి వచ్చిందని అర్థం. మన అమ్మమ్మలకు ఆ మీటరు ఎప్పుడూ ఉంది.

కంట్రోల్ తేలికే. గది 27 దాటితే మూడు దారుల వాల్వ్ రీహీట్‌ను పక్కకు తప్పిస్తుంది, అప్పుడు పూర్తి చల్లదనం. గది చల్లగానే ఉండి తేమ 58 దాటితే రీహీట్‌తో నడుస్తుంది. కంప్రెసర్ ఆగాక ఫ్యాన్ కూడా ఆగిపోవాలి. తిరుగుతూ ఉంటే తడి కాయిల్ మీది నీరంతా మళ్లీ గాల్లో కలుస్తుంది. మామూలు ఏసీల్లో చెమ్మ తగ్గకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

యంత్రం కంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది మాత్రం వెంటిలేటర్లు మూయడం. లెక్క చూడండి. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు కిలో గాలిలో 21 గ్రాములకు పైగా నీరుంటుంది. లోపల 26 డిగ్రీలు, 55 శాతం అంటే 11.6 గ్రాములు. ఇంట్లో గాలి మొత్తం గంటకు ఒకసారి మారినా మూడు లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. ఈ యంత్రం మొదలుపెట్టినప్పుడు గంటకు రెండున్నర లీటర్లు తీసినా, గది పొడిబారేకొద్దీ అది లీటరున్నరకు దిగుతుంది. వెంటిలేటర్లు తెరిచి నడిపితే తేమ 66 దగ్గర ఆగిపోయింది. వాటికి అక్రిలిక్ షీట్లు బిగించి, కిటికీలకు రబ్బరు పట్టీలు వేసి, బాత్రూం తలుపు కింద సందు మూశాక సాయంత్రానికి 56కు వచ్చింది. మీరు యంత్రం కొనకపోయినా సరే, ముందు ఈ పని చేయండి. తడి బట్టలు ఆరేసే గదిని కూడా విడిగా మూసి ఉంచాలి.

అక్టోబర్

మన ఊరికి ఎక్కువ వాన పడే నెల ఇదే. ముసురు పట్టిన రోజుల్లో యంత్రం దాదాపు ఆగకుండా నడుస్తోంది. బోరు నుంచి వచ్చే నీళ్లు మొదట్లో 29 ఉండేవి, ఇప్పుడు 32. యంత్రం తక్కువ నడిచిన రోజుల్లో మళ్లీ దిగుతున్నాయి. రోజూ రాసి పెడుతున్నాను, రెండో వానాకాలానికి ఈ అంకె ఎక్కడ నిలుస్తుందో చూడాలి. తేమ 55, 58 మధ్య, గది 25, 26 మధ్య ఉంటోంది. అలమార వెనక గోడ పొడిగా ఉంది.

ఇల్లు ఇంతలా మూశాక తాజా గాలి సంగతి చూడాలి. నలుగురికి గంటకు 80 ఘనమీటర్ల బయటి గాలి అనుకుంటే, దాంతో దాదాపు లీటరు నీరు వస్తుంది. చిన్న ఫ్యాన్ ఒకటి పెట్టి ఆ గాలిని నేరుగా గదిలోకి కాకుండా చల్లటి కాయిల్ ముందుకు తేవాలని పైపు దారి గీస్తున్నాను. మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ గదిలో వెయ్యి పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) దాటితేనే ఆ ఫ్యాన్ తిరిగేలా పెడతాను.