ఏ పంతులుగారు?

మా తాతయ్య బతికున్నన్నాళ్లూ ఒక మాట చెప్పేవారు: ‘పంతులుగారు పోయిన ఏడు నా పద్యం భారతిలో పడింది.’ దాన్ని చూసినవాళ్లు ఇంట్లో ఒక్కరూ లేరు. ఆయన బడిపంతులు. ఉత్తరంలో ‘మేము క్షేమము’ అని రాస్తే ‘మేం బాగున్నాం అనలేవూ?’ అని ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపేవారు. అలాంటి మనిషి పద్యం రాశారంటేనే నాకు అనుమానం.

భారతి మాసపత్రికను 1924లో స్థాపించింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయన 1938 ఏప్రిల్‌లో కన్నుమూశారు. లెక్క తేలిపోయిందనుకున్నాను. పాత సంచికలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉన్నాయి కానీ, ఆ మసక అక్షరాలను ఫోనులో వెతికితే కళ్ల వెంట నీళ్లు కారాయి తప్ప పద్యం కనబడలేదు. అందుకే తెల్లవారుజామున బెజవాడలో రైలెక్కి చీరాలలో దిగి, ఆటోలో వేటపాలెం చేరుకున్నాను.

అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. తాతయ్యదీ దానిదీ ఒకే ఈడు. 1929లో గాంధీజీ దీని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇక్కడే భద్రంగా ఉంది. దాన్ని చూసి, నమస్కారం పెట్టి, పని మీద పడ్డాను.

1938 సంచికలను బల్ల మీద పెట్టిన పెద్దాయన, ‘మూల పట్టుకుని లాగకండి బాబూ, అడుగున చెయ్యి పెట్టి తిప్పండి’ అన్నారు. కాగితం వేయించిన అప్పడంలా ఉంది. మొదటి గంటంతా విషయసూచికలే చూశాను. తర్వాత పద్యం సంగతి మరిచిపోయి చదవడంలో పడ్డాను.

కథలను నేను ఇన్నాళ్లూ సంపుటాల్లోనే చదివాను. అక్కడ కథకు మంచి కాగితం, ముందుమాట, రచయిత ఫోటో, అన్నీ ఉంటాయి. చుట్టుపక్కల వాళ్లే ఉండరు. ఇక్కడ కథ అయిపోయిన పేజీ పక్కనే శాసనాల మీద వ్యాసం, అది దాటితే ఒక పుస్తకాన్ని చీల్చి చెండాడిన సమీక్ష. ఎవరూ ఇంకా మహాకవి కాలేదు; అందరూ అదే నెలలో రాసిన ఇరుగుపొరుగులు. ఈనాటి సంకలనకర్తల మీద నాకున్న ఫిర్యాదు ఇదే: మంచి కథను ఏరతారు, అది పుట్టిన వీధిని వదిలేస్తారు. ఏ వ్యాసం పక్కన అచ్చయిందో ఒక్క వాక్యం రాస్తే ఏం పోతుంది?

ఇంకో సంగతీ గుర్తొచ్చింది. పంతులుగారికి డబ్బు తెచ్చిపెట్టింది అమృతాంజనం. ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్ర గ్రంథమాల అన్నీ ఆ పసుపు సీసా చలవే. తెలుగు సాహిత్యాన్ని అన్నేళ్లు పోషించింది ఒక తలనొప్పి మందు! ఇప్పుడు సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని తలనొప్పి తెచ్చుకుంటున్న మిత్రులకు ఈ మాట చెప్పాలి.

సాయంత్రానికి డిసెంబరు సంచిక కూడా అయిపోయింది. పద్యం లేదు. మారుపేరుతో రాశారేమోనని పద్యాలన్నీ మళ్లీ చూశాను. ఒక్కదానిలోనూ ఆయన గొంతు వినబడలేదు.

స్టేషన్ దారిలో ఇంటికోసం అరకిలో జీడిపప్పు కొన్నాను. వేటపాలెం వెళ్లి అది తేకపోతే పుస్తకాల పిచ్చి ముదిరిందంటారు. రైలు ఆలస్యం. అమ్మకు ఫోను చేశాను.

‘1938 అంతా తిరగేశానమ్మా, లేదు.’

‘1938 ఏమిటి?’

‘నాగేశ్వరరావు పంతులుగారు పోయిన ఏడు.’

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. ‘మా నాన్న నోట పంతులుగారంటే గిడుగు రామమూర్తి పంతులుగారేరా. నీ ఉత్తరాలు ఎందుకు దిద్దేవారనుకున్నావు?’

గిడుగువారు పోయింది 1940 జనవరిలో. తిరిగి వెళ్దామంటే గ్రంథాలయం మూసే వేళయింది.