ఉసిళ్లు పడ్డ బల్ల

ఆదివారం, మృగశిర కార్తె రెండో రోజు.

లేవగానే వరండాలోకి వెళ్లి చూశాను. బల్ల మీద పదకొండు ఉసిళ్లు. రెక్కలు చాచుకుని, జిగురులా పూశాక గాజులా గట్టిపడిన రెసిన్‌లో హాయిగా పడుకుని ఉన్నాయి. నిన్న సాయంత్రం హనుమకొండలో తొలకరి జల్లు పడింది. తొలకరికి దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుకుంటాయని చిన్నపిల్లలకూ తెలుసు. నేను మాత్రం నెత్తిమీద బల్బు వెలిగించుకుని మరీ మూడో పూత వేశాను.

బల్ల అంటే మావాడి స్కేట్‌బోర్డు. భద్రకాళి బండ్ మీద ఎవరో పిల్లలు తొక్కుతుంటే చూసి అడిగాడు. కొనిస్తే పోయేది. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూడు పొరలు అతికించి, కొసలు పైకి లేచేలా కింద చెక్కలు సర్ది, పైన బియ్యం బస్తా ఎత్తాను. ఆ పని రెండు రోజుల్లో అయింది. నునుపు కోసం రెసిన్ పూతలు వేయడం, రుద్దడం మాత్రం ఇది నాలుగో ఆదివారం.

మొదటి పూతనాడు హార్డెనర్, అంటే గట్టిపరిచే మందు, కలిపిన రెసిన్‌ను గ్లాసులో వదిలి ఫోను మాట్లాడి వచ్చేసరికి, గ్లాసు పట్టుకోలేనంత వేడెక్కి, లోపలిది రాయి అయింది. గట్టిపడుతూ తానే వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. పైగా మే నెల వరంగల్! ఇప్పుడు కలపగానే వెడల్పాటి పళ్లెంలో పోస్తున్నాను. రెండో పూత పొద్దున్నే వేశాను. ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి ఉబ్బి బయటికి వచ్చి, పెనం మీది దోసెలా చిల్లులు పడింది. పొద్దు వాలాక వేస్తే చెక్క చల్లబడుతూ గాలిని లోపలికే పీల్చుకుంటుంది. అందుకని నిన్న సాయంత్రం వేశాను. అందుకనే ఉసిళ్లు.

మధ్యలో ఒక వీడియో నా మనసు చెడగొట్టింది. మంచు దేశంలో ఒకాయన షెడ్డులో సొంతంగా స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి బద్దలు, చేసుకుంటున్నాడు. పచ్చి రెసిన్ మీద నిగనిగలాడే పాలియెస్టర్ ఫిల్మ్ (పల్చటి ప్లాస్టిక్ పొర) పరిచి, గాలిని అంచులకు తోసేసి, అలాగే ఆరనిచ్చాడు. మర్నాడు ఫిల్మ్ ఒలిచేస్తే కింద అద్దం! ఒక చదును ముక్క మీద నేనూ చేసి చూశాను, నిజంగానే అద్దంలా వచ్చింది. కానీ మా బల్ల నడుమ కాస్త గుంట, కొసల దగ్గర వంపు. రెండు దిక్కులా వంగిన చోట ఫిల్మ్ ముడతలు పడుతుంది. ఆ ముడతలూ అంతే శ్రద్ధగా అచ్చుపడ్డాయి. మళ్లీ రుద్దుడే గతి.

ఈరోజు ముందు కడుగుడు. చెమ్మ గాలికి రెసిన్ మీద మైనంలాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని అంట్లు తోమే పీచుతో, నీళ్లతో వదిలించకపోతే రుద్దే ఉప్పుకాగితం మూసుకుపోతుంది, పై పూత పట్టదు. తర్వాత 220 నంబరు ఉప్పుకాగితం, ఆపైన నీళ్లతో ఇంకా సన్నటిది, 400. పాలలాంటి నీళ్లు కారుతుంటాయి. తుడిస్తే బల్లంతా సుద్ద రంగు, అక్కడక్కడ మాత్రం చిన్న చిన్న మెరుపులు. ఇన్నాళ్లూ అవి బాగా వచ్చిన చోట్లని మురిసిపోయాను. అవి గుంటలట! కాగితం అందని చోట్లు. బల్లంతా మెరుపు పోయేదాకా రుద్దాలన్నమాట, మెరవడం కోసం.

ఈ సంగతి చెప్పింది పక్కింటి వడ్రంగి మామ. కండువాను బల్ల మీద పరిచి, దాని మీదుగా కళ్లు మూసుకుని అరచెయ్యి నడిపాడు. "ఇక్కడ ఉంది, అల్లుడూ" అన్నాడు. నాకు కనబడలేదు. ఫోను దీపం అడ్డంగా పట్టి చూస్తే ఆవగింజంత బొడిపె. ఒక ఉసిలి తల.

"వేయిస్తంభాల గుడి నందికి ఏ పూత వేశారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. 1163 నాటి పనివాళ్లకు నాలుగు ఆదివారాలు చాలేవా అని నేను అడగలేదు.

ఇంట్లో మిరుగం కొర్రమీను పులుసు వాసన. చేతులు కడుక్కుని కూర్చోగానే మా ఆవిడ అసలు ప్రశ్న వేసింది. "ఆ నునుపంతా కింది వైపే కదా, ఎవరు చూస్తారు?" నిజమే. పై వైపున కాలు జారకుండా గరుకు పట్టీ అంటించాలి. అంటే అదీ ఉప్పుకాగితమే, వెనక జిగురు ఉంటుందంతే. నేను పులుసు మీద దృష్టి పెట్టాను.

సాయంత్రం ఏడు దాటాక నాలుగో పూత. ఈసారి లోపలి గదిలో. నేల తడిపి దుమ్ము అణచాను, ఫ్యాను ఆపాను, నాలుగు కుర్చీలకు దోమతెర కట్టి బల్లనూ నన్నూ అందులో పెట్టుకున్నాను. వేయడం అయ్యాక దీపం ఆర్పేసి, చెమటలు కారుతూ కాసేపు అక్కడే కూర్చున్నాను. కిటికీలోంచి వచ్చిన వీధి దీపం వెలుగు బల్ల మీద ఎక్కడా విరగకుండా, సాఫీగా, ఒక్క గీతగా పడింది.

తెర లోపల ఎక్కడో ఒక దోమ గుయ్‌మంటోంది.