కొత్త బ్యాటరీ కూడా నాలుగో రోజుకే పడుకుంది – నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి దొరికింది, నా కారు బ్యాటరీని తాగేస్తున్న దొంగ. ఇంకా వేడి మీదే ఉన్నా కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా, రెండు రోజులాగితే నాకే సిగ్గేసి రాయను.

నేను కారు వారానికి రెండుసార్లు తీస్తా, అంతే. నెలన్నర కింద ఒక సోమవారం పొద్దున తాళం తిప్పితే టక్ టక్ టక్ అని చప్పుడు, డాష్‌బోర్డ్ లైట్లు మసకమసగ్గా వెలిగి ఆరిపోయాయి. పక్కింటాయన కారు దగ్గరగా పెట్టి జంపర్ కేబుల్స్ తగిలిస్తే ఐదు నిమిషాల్లో స్టార్ట్. ఎర్ర వైరు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని ఆఖరి కొస మాత్రం బ్యాటరీకి కాకుండా కాస్త దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, ఎందుకంటే ఆ ఆఖరి కనెక్షన్ దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ నుంచి గ్యాస్ వస్తుంటుంది. తీసేటప్పుడు సరిగ్గా దీనికి రివర్స్. ఇది తేలిక, దీని గురించి ఇంతే.

అసలు అవమానం సర్వీస్ సెంటర్లో జరిగింది. కౌంటర్ దగ్గర ఉన్నతను నేను మొత్తం చెప్పేదాకా కూడా ఆగకుండా "రాత్రి లైట్లు ఆర్పారా సార్?" అన్నాడు. ఏదో స్కూలు పిల్లాణ్ణి హోంవర్క్ చేశావా అన్నట్టు. ఆర్పానయ్యా బాబూ అన్నా. "డోర్ సరిగ్గా వేశారా సార్?" వేశా. "అయితే బ్యాటరీ వయసైపోయింది సార్, నాలుగేళ్లయింది కదా, మార్చేద్దాం" అన్నాడు. నాలుగేళ్లంటే బ్యాటరీకి వయసే కదా అని నేనూ తలూపా. "పేపర్లివ్వండి" అంటే గ్లవ్‌బాక్స్‌లో ఉన్న లావుపాటి పౌచ్ తీసి చేతిలో పెట్టా, అందులోనే మాన్యువల్, సర్వీస్ బుక్, ఇన్సూరెన్స్ కాగితాలు, పాత బిల్లులు, అన్నీ. కొత్త బ్యాటరీ వేశారు, పాతది ఎక్స్చేంజ్‌లో వాళ్లే ఉంచుకున్నారు. పౌచ్ తిరిగి గ్లవ్‌బాక్స్‌లో పెట్టి, మోకాలితో నొక్కి మూత వేసుకుని ఇంటికొచ్చా.

నాలుగో రోజు పొద్దున మళ్లీ టక్ టక్ టక్.

ఈసారి కోపంతో వెళ్లా. అతను నవ్వుతూ "కొత్త బ్యాటరీని కూడా పడుకోబెట్టేశారా సార్" అన్నాడు. కారు మూడు రాత్రులు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. నాలుగో రోజు నన్ను పిలిచి, హాల్లో పది మంది కూర్చుని ఉండగా, తాళం నా చేతికిచ్చి "మీరే కొట్టండి సార్ సెల్ఫ్" అన్నాడు. కొట్టా. ఒక్క దెబ్బకి స్టార్ట్. బెంచీ మీదున్న ఒకాయన ఫక్కున నవ్వాడు. "కారన్నాక తిప్పాలి సార్, ఊరికే పెట్టుకుంటే దిగిపోదా మరి" అని ఉపదేశం కూడా చేశాడు కౌంటర్ దగ్గరి మనవాడు. నాకు తల కొట్టేసినట్టయింది, పౌచ్ తీసుకుని మాట్లాడకుండా వచ్చేశా. బాగున్న కారు నాలుగు రోజులు ఊరికే నిలబడితే బ్యాటరీ దిగిపోదండీ, రెండు మూడు వారాలైనా ఉంటుంది, అది కౌంటర్ దగ్గర కూర్చునేవాడికి తెలియాల్సిన విషయం. కస్టమర్ చెప్పేది చెవిన పడని వాణ్ణే ఏరి కోరి అక్కడ కూర్చోబెడతారనుకుంటా.

మళ్లీ నాలుగు రోజులకి అదే కథ. ఇక వాళ్ల గడప తొక్కకూడదని ఒట్టేసుకుని మా బావమరిది దగ్గర మల్టీమీటర్ (వోల్టులూ కరెంటూ కొలిచే చిన్న మీటర్) అడిగి తెచ్చుకున్నా. బ్యాటరీని ఫుల్ చార్జ్ చేసి చూస్తే 12.6 వోల్టులు, అది ఫుల్ అన్నట్టు. 12.2 చూపిస్తే సగం అయిపోయినట్టు. ఇంజిన్ ఆన్‌లో 14.2 వచ్చింది, అంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) బాగానే చార్జ్ చేస్తోంది. బ్యాటరీ కొత్తది, చార్జింగ్ బాగుంది, మరి దిగుతోందంటే బండి నిద్రపోయాక ఏదో కరెంటు లాగుతోంది. ఈ మాత్రం లాజిక్ ఇన్ని మెషిన్లు పెట్టుకున్న వాళ్లకి తట్టలేదు, నాకు తట్టింది, అది మాత్రం గర్వంగానే చెప్పుకుంటా.

ఆ గర్వం గంట నిలబడలేదు. కరెంటు కొలవాలంటే మైనస్ క్లాంప్ (బ్యాటరీకి బిగించే వైరు కొస) విప్పి, ఆ క్లాంప్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్యలో మీటర్ పెట్టాలి, ఎర్ర ప్రోబ్ 10 యాంప్స్ అని రాసున్న రంధ్రంలోకి మార్చి. అంతా కరెక్టుగానే పెట్టా. తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, పనిచేస్తోందా లేదా చూద్దామని వెళ్లి తాళం తిప్పా. వచ్చి చూస్తే మీటర్ మీద 0.00. ఎగిరి గంతేసినంత పని చేశా, లీకేజీ లేదు, కారు బంగారం అని. రిమోట్ నొక్కితే డోర్లు కూడా లాక్ కావట్లేదు, అదీ మంచికే అనుకున్నా! బావమరిదికి ఫోన్ చేసి గొప్పగా చెప్తే అవతల ఒకటే నవ్వు. "బావా, కారు బాగవలేదు, నువ్వు నా మీటర్ ఫ్యూజ్ కొట్టేశావు. అందులో మీటర్ ఉండగా సెల్ఫ్ కొడతారా ఎవరైనా?" అన్నాడు. పదేళ్లు చిన్నవాడు. మీటర్‌లో ఫ్యూజ్ మార్చుకుని మర్నాడు మళ్లీ మొదలెట్టా.

రెండో రాత్రి జాగ్రత్తగా చేశా. బానెట్ ఎత్తి ఉంచి, డోర్లు లాక్ చేసి, అరగంట కదలకుండా కూర్చున్నా, ఎందుకంటే లాక్ చేయగానే కారు పడుకోదు, లోపల కంప్యూటర్లు ఒక్కోటీ నిద్రపోవడానికి టైం పడుతుంది, అప్పటిదాకా రీడింగ్ ఎక్కువే ఉంటుంది. మామూలుగా 50 మిల్లీయాంప్స్ లోపు ఉండాలి, అంటే 0.05. నాకు 0.43 దగ్గర ఆగిపోయింది. దొరికావురా అనుకున్నా. ఇక ఫ్యూజులు ఒక్కోటీ పీకి చూడాలి, ఏది పీకితే రీడింగ్ పడుతుందో దొంగ ఆ లైన్లో ఉన్నట్టు. ఏ ఫ్యూజ్ దేనిదో తెలియాలంటే మాన్యువల్ కావాలి కదా, డోర్ తీసి, గ్లవ్‌బాక్స్‌లోంచి పౌచ్ లాగి, మూత వేసి, డోర్ వేసి, ఫుట్‌పాత్ అంచున కూర్చుని టార్చ్ లైట్లో ఫ్యూజ్ చార్ట్ చదువుకుంటూ మళ్లీ అరగంట ఆగా.

మీటర్ చూస్తే 0.03.

ఒక్క ఫ్యూజ్ కూడా పీకలేదు! మీటర్ మళ్లీ పోయిందేమోనని రిమోట్ నొక్కితే డోర్లు టక్కుమని తెరుచుకున్నాయి, రీడింగ్ పైకి లేచింది, అరగంటకి మళ్లీ 0.03. పన్నెండున్నర దాకా దోమలతో కుట్టించుకుని, పిచ్చెక్కి, క్లాంప్ బిగించేసి, పౌచ్ యథాస్థానంలో పెట్టేసి పోయి పడుకున్నా. ఇంట్లో ఆవిడ "సర్వీస్ వాళ్లు చెప్పింది నిజమేనేమో" అంది. ఆ మాటతో నిద్ర కూడా పోయింది. మూడు రోజులకి బ్యాటరీ మళ్లీ డౌన్.

నిన్న రాత్రి మూడో ప్రయత్నం. మళ్లీ 0.43. మళ్లీ మాన్యువల్ తీశా, మళ్లీ 0.03. ఈసారి మాత్రం చేతిలో ఉన్న పౌచ్ వంక చూసి అలా ఉండిపోయా. పాత ఇన్సూరెన్స్ కాగితాలూ బిల్లులూ కుక్కీ కుక్కీ అది తలగడలా తయారైంది. పౌచ్ లోపల పెట్టి, సెల్‌ఫోన్‌లో వీడియో ఆన్ చేసి అది కూడా పక్కన పెట్టి మూత మోకాలితో నొక్కి వేశా. నిమిషం ఆగి తీసి వీడియో చూస్తే లోపల దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది. పౌచ్ లేకుండా తీసిన వీడియోలో కటిక చీకటి. మూత లాక్ పడుతోంది కానీ లావు పౌచ్ వల్ల ఒక పక్క కొద్దిగా ఉబ్బి, ఆ మూలనున్న చిన్న బటన్ స్విచ్‌ని నొక్కట్లేదు. అంతే సంగతి. 5 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 0.4 యాంప్ లాగుతుంది, రోజుకి దాదాపు 10 యాంప్-అవర్స్ (యాంప్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చే లెక్క), నాది 45 యాంప్-అవర్స్ బ్యాటరీ, నాలుగు రోజులు. లెక్క ఇంత కరెక్టుగా సరిపోయేసరికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సర్వీస్ సెంటర్లో మూడు రాత్రులు ఎందుకు బాగుందంటారా, పౌచ్ వాళ్ల కౌంటర్ డ్రాయర్లో ఉంది కాబట్టి.

మీకు ఇలాంటిది వస్తే ముందు డిక్కీ లైటూ గ్లవ్‌బాక్స్ లైటూ ఫోన్ వీడియోతో చూసుకోండి, తర్వాతే మీటర్, ఆ తర్వాతే ఫ్యూజులు. మీటర్ మధ్యలో ఉండగా తాళం జోలికి పోవద్దు, చెప్పా కదా. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు, స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ అవ్వదు. నాకు క్లాంపుల మీద తెల్లటి పొడి కూడా కట్టింది, వంటసోడా నీళ్లలో కలిపి పాత బ్రష్‌తో రుద్దితే బుసబుస పొంగి పోయింది, కాస్త వ్యాజలీన్ రాశా. బ్యాటరీ తీసి పెట్టాక కిటికీ ఆటోమేటిగ్గా పైకి పోవడం మానేస్తే కంగారు పడొద్దు, నాదాంట్లో అద్దం పూర్తిగా పైకెత్తి స్విచ్ రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకుంటే సెట్ అయిపోయింది. టైర్ల గాలి గురించి కూడా రాద్దామనుకున్నా గానీ ఓపిక లేదు, డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉన్న నంబరు చూసి టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించుకోండి చాలు.

పౌచ్ ఖాళీ చేశా, పాత కాగితాలన్నీ ఇంట్లోకి పోయాయి. ఇవాళ పొద్దున 12.6. సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఆ హాల్లోనే నిలబడి మొత్తం చెప్దామని బట్టలేసుకుని బయల్దేరా కూడా, సగం దూరం వెళ్లాక గుర్తొచ్చింది, పౌచ్ కుక్కింది నేనే కదా అని. వెనక్కి వచ్చేశా. కానీ ఏ పాపం చేయని నా పాత బ్యాటరీ మాత్రం ఇప్పుడు ఎవరి కార్లోనో ఒక్క దెబ్బకి స్టార్ట్ చేస్తూ ఉండి ఉంటుంది, అదే మింగుడు పడట్లేదు.