వాడిన సూది గుచ్చుకుంటే

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి లాంటి చోట, రద్దీ వార్డులో చాలా పోట్లు వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోతేనే తగులుతాయి. మూత పెట్టొద్దు, నేరుగా హబ్ కట్టర్‌లో (సూదిని కోసే పరికరం) కోసి తెల్ల డబ్బాలో వేయండి. డబ్బా ముప్పావు నిండగానే మార్పించండి, కుక్కొద్దు.

గుచ్చుకుందా? 'గింతే కదా' అనుకోకండి. వేలు నోట్లో పెట్టొద్దు, పిండొద్దు, స్పిరిట్ పోయొద్దు. గ్లవ్ తీసి నల్లా కింద సబ్బుతో కడగండి, అంతే. వెంటనే సిస్టర్‌కు చెప్పి టైము, ఏ సూది, ఎంత లోతు అన్నవి రాయించండి. తిడతారని దాస్తేనే ముప్పు. హెచ్ఐవీ నివారణ మందులు 2 గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే సాధారణంగా ఇవ్వరు. కోర్సు 28 రోజులు. వికారం వస్తుందని మధ్యలో ఆపేస్తే రక్షణ పోతుంది.

ఆ సూది వాడిన పేషెంట్‌కు హెచ్ఐవీ పరీక్ష చేయాలంటే ఆ మనిషి సమ్మతి కావాలి. 2017 హెచ్ఐవీ చట్టం అదే చెబుతుంది. 'మన సేఫ్టీ కోసమే' అంటూ రిపోర్టు ఫొటో హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం జాగ్రత్త కాదు, గోప్యత ఉల్లంఘన.

హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకు. మూడో డోసే చాలామంది మరిచిపోయేది. అది పడ్డాక 1–2 నెలలకు యాంటీబాడీ టైటర్ (రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూసే పరీక్ష) చేయించుకోండి. 10 mIU/mL కన్నా తక్కువుంటే మళ్లీ టీకా వేయించుకోవాలి.